మామ్మను అడుగు

దిబ్బపాలెం, నరసాపురం తాలూకా,
1901 మార్చి 6, బుధవారం.

చిరంజీవి ఏసురాజుకు,

మామ్మ దీవెనలు. ప్రభువు కృపవల్ల ఇక్కడ అందరం క్షేమం, నా నుదుటి మీద బొప్పి ఒక్కటీ తప్పిస్తే. అది కూడా ఇప్పుడు పచ్చబడి తగ్గుముఖం పట్టింది. మీ అత్త రూతుకు ఆడపిల్ల పుట్టిందని లోగడ రాశాను. తల్లీ పిల్లా నిడదవోలులో బాగున్నారు. నువ్వు చెన్నపట్నంలో ఒంట్లో కులాసాగా ఉన్నావని తలుస్తాను. నీ బుద్ధి కులాసాగా ఉందా లేదా అన్నదే నిన్నటినుంచి నా సందేహం.

నీ ఉత్తరం నిన్న పడవలో వచ్చింది. మూడుసార్లు చదివాను. మొదటిసారి చదివి, కళ్ళజోడు మసకబారిందేమోనని తుడుచుకున్నాను. రెండోసారి చదివి లేచి మంచినీళ్ళు తాగాను. మూడోసారి చదివాక చాలాసేపు నా నోట మాట రాలేదు. ఈ పాలెంలో అలాంటిది ఎవరూ ఎన్నడూ చూసి ఎరగరు. పక్కింటి మరిడమ్మ వచ్చి, అమ్మగారికి ఏదో అయిందండోయ్, మాట్లాడ్డం లేదు అని వీధంతా వినిపించేలా అరిచింది.

ఏం రాశావురా అందులో? మన పాలెం కొత్త బడి కట్టడంలో జరిగిన తప్పును మీ కట్టడ విద్యార్థి సమాజం అత్యవసర సభ చేసి విచారించింది. తప్పు పటం గీసిన లాజరుదేనని తేల్చింది. అతన్ని సమాజం నుంచి తీసేస్తూ తీర్మానం చేసింది. పదహారో తేదీ శనివారంనాడు మీ ప్రొఫెసరు దొరగారి ఎదుట దాన్ని ఖాయం చేస్తారు. సెక్రెటరీవి గనక ఆ తీర్మానం నువ్వే నీ చేత్తో రాశావు. ఇదంతా నాకు శుభవార్త చెప్పినట్టు చెప్పావు. మామ్మా, ఇంక బెంగ పెట్టుకోకు, దోషి దొరికాడు అని రాసి కింద గీత కూడా గీశావు. ఆ గీత మాత్రం తిన్నగా ఉంది. ఇంజనీరింగు చదువు వృథా పోలేదు.

తీర్మానం ఖాయమైతే ఏమవుతుందో నీకు తెలియక కాదు, రెండో పుటలో నువ్వే రాశావు. దొరగారు మిషను వారికి తెలియజేస్తారు. మిషను వారు లాజరును చదివించడం మానేస్తారు. లాజరు నిడదవోలు పక్క చేలలోకి తిరిగివచ్చి వాళ్ళ నాన్న చిట్టియ్యతో కలిసి ఊడ్పులకు పోతాడు. ఆ మాట రాసిన వెంటనే, పేరా కూడా మార్చకుండా, ఈ ఏడు అక్కడ మామిడి ఎలా పూసిందని అడిగావు. బాగానే పూసింది నాయనా. నిర్ఘాంతపోయిన మనిషికి మామిడిపూత కనబడుతుందా అని ఆలోచించావా?

మీ సమాజం సంగతి నాకు మొదటినుంచీ తెలుసు, ఎందుకంటే వారం వారం రాస్తూ వచ్చావు. మొదటి నెలంతా దానికి సంఘమని పేరు పెట్టాలా సమాజమని పెట్టాలా అని నాలుగు సభలు చేశారు. రెండో నెలంతా కాగితాల మీద అచ్చు వేయించే గుర్తులో కంపాసు నిలబడి ఉండాలా పడుకుని ఉండాలా అని కొట్టుకున్నారు. తరవాత ఎన్నికలు. అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు, సెక్రెటరీ, సహాయ సెక్రెటరీ, పుస్తకాల అధికారి (పుస్తకాలు నాలుగే అని నువ్వే రాశావు), పటాల బీరువా తాళంచెవికి ఒకడు, దీపాలకు ఒకడు. మొత్తం సభ్యులు ఎనిమిదిమంది, పదవులు ఏడు. ఏ పదవీ లేని ఎనిమిదోవాడు లాజరు. పటం గీసింది అతనే. ఇందులో మిమ్మల్ని ప్రత్యేకంగా తప్పు పట్టను. మా స్త్రీల సమాజంలోనూ తీర్మానాలు చేసేవాళ్ళు పన్నెండుగురు, విందునాడు పొయ్యి దగ్గర కూర్చునేది ఒక్కతే.

ఏటా ఒక పేద ఊరికి ఒక కట్టడం పటం గీసి పంపాలని మీరు అనుకున్నారు. మంచి ఆలోచన. మొదటి ఏడు మా మామ్మ బడి అని నువ్వు పట్టుబట్టి ఒప్పించావు. అప్పుడు నేను పొంగిపోయిన మాట దాచను. వలల పాకలో బడి నడపడం ఎలాంటిదో నీకు తెలుసు. నలభై ఇద్దరు పిల్లలు. పడవలు ఒడ్డుకొచ్చాయంటే వలలు లోపలికీ పిల్లలు బయటికీ. ఎండుచేపల వాసనలో గుణింతాలు, దోమల్లో ఎక్కాలు. మిషను వారు కలప ఇస్తామన్నారు, పాలెం వాళ్ళు ఇటుక కాల్చి ఇచ్చారు. మరిడమ్మ తన నెత్తి మీద మోసిన ఇటుక ఎంతో ఆ దేవుడికే తెలియాలి. ఆవిడ కూతురు రత్తమ్మ ఈ ఏడు రెండో వాచకం పూర్తిచేస్తుందని ఆవిడ ఆశ.

క్రిస్మసుకు ముందు రేకు గొట్టంలో పటం వచ్చింది. ముప్పై అడుగుల పొడవు, పద్దెనిమిది అడుగుల వెడల్పు, ఆరున్నర అడుగుల గుమ్మం, గాలికి ఎదురెదురుగా కిటికీలు, అన్నీ తెలుగులో రాసి పంపారు. లాజరు గీసిన గీత చూస్తే ముచ్చటేసింది. పటాన్ని బుల్లబ్బాయి మేస్త్రి చేతికిచ్చాం. నలభై ఏళ్ళుగా ఈ చుట్టుపక్కల గోడలన్నీ అతని చేతివే. ఒక్క అక్షరం రాదుగాని తాపీ పట్టుకుంటే గోడ నూలుపోగంత వంకర పోదు.

రూతు పురిటికని నేను జనవరి మొదట్లో నిడదవోలు వెళ్ళాను. పడవ ఎక్కబోయే ముందురోజు బుల్లబ్బాయి వచ్చి, వెదురుబద్ద ఒకటి పెట్టి నా పాదం కొలుచుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. ఆరు వారాలు పురిటి పనిలో ఉండిపోయాను.

ఫిబ్రవరి పందొమ్మిదిన తిరిగివచ్చాను. రేవులో దిగి మూట కూడా ఇంట్లో పెట్టకుండా తిన్నగా బడి చూడబోయాను. దూరంనుంచి బాగానే ఉంది. ఎర్రటి పెంకు, తెల్లటి సున్నం. ఇంకా దూరంగా ఉన్నాను కాబోలు, చిన్నదిగా కనబడుతోంది అనుకున్నాను. నడుస్తున్నాను, నడుస్తున్నాను, అది పెద్దదవడం లేదు! ముప్పై ఏళ్ళుగా బడి గుమ్మాల్లోకి తలెత్తుకుని నడిచిన అలవాటు నాది. అలాగే నడిచాను. ద్వారబంధం పైకర్ర నుదుటికి ఠపీమని తగిలింది. కళ్ళు బైర్లు కమ్మి అక్కడే ఇసకలో కూలబడ్డాను. నేను ఐదడుగులు కూడా లేని మనిషిని, నా తలకు గుమ్మం తగలడమేంటి?

లేవదీసింది మరిడమ్మ. అమ్మగారండీ, మీరు చెప్పండి, ఇది పిల్లల బడా, కోళ్ళగూడా అంది. మా ఆయన వంగితే లోపలికి పోతాడుగాని లేస్తే బయటికి రాలేడండి అంది. తరవాత గొంతు తగ్గించి ఇంకోటి అడిగింది. లోపల ఇరవైమంది పడతారంటండి, మిగతా సగం బయటేనంట, మరి మా రత్తమ్మ ఏ సగమండీ?

బుల్లబ్బాయిని పిలిపించాను. ఇదేంటయ్యా, ఈ గుమ్మమేంటి, ఈ గదేంటి అని కేకలేశాను. అతను నెమ్మదిగా, బడి కదండీ అమ్మగారూ, వంగి వెళ్తేనే కదండీ విద్య వంటబట్టేది అన్నాడు. పైగా ఇటుక చాలా మిగిల్చానండి అని వెనక ఉన్న గుట్ట చూపించాడు, నేను మెచ్చుకుంటానని. కొలతలేవయ్యా అన్నాను. నడుముకు దోపుకున్న వెదురుబద్ద తీసి, పటంలో ఎన్ని అడుగులుంటే అన్ని అడుగులూ తూచా తప్పకుండా పెట్టానండి అన్నాడు. బద్ద కొలిచాను. ఎనిమిదిన్నర అంగుళాలు. నా పాదం!

అదీ సంగతి. ఇంటి యజమాని పాదం కొలిచి, ఆ కొలతే అడుగుగా పెట్టుకుని ఇల్లు కట్టడం ఇక్కడి మేస్త్రుల పాత ఆచారం. అతని తండ్రీ తాతా అలాగే కట్టారు. ఇంగ్లీషు చదువుల అబ్బాయిలు పన్నెండు అంగుళాల అడుగంటారని అతనికి తెలుసు. అయినా ఈ పటంలో మాత్రం మీ అడుగే రాసి ఉందన్నారండి, పట్నం బాబులు కూడా పద్ధతి తప్పలేదని సంతోషించానండి అన్నాడు. ఎవరన్నారని మరిడమ్మ అడిగింది. చదివి చెప్పినట్టు కట్టానండి అని తన కాలివేళ్ళ వంక చూసుకున్నాడు.

పటం పరిచి చూశాను. కింది కుడిమూలన సిరాతో, కొలతలకు మామ్మను అడుగు అని ఉంది. ఆ ‘ను’ మీద పెన్సిలు గీత ఒకటి కొట్టి ఉంది. ‘ను’ పోతే మిగిలింది ఏమిటో చదువుకో. కొలతలకు మామ్మ అడుగు.

చూశావా ఏసురాజూ. ఒక్క అక్షరం. ముప్పై అడుగుల బడిని ఇరవై ఒక్క అడుగులు చేసి, సగంమంది పిల్లల్ని ఎండలో కూర్చోబెట్టింది ఒక్క అక్షరం.

మర్నాడే బళ్ళ ఇన్స్పెక్టరుగారు వచ్చారు. ఆయన ఆరడుగుల మనిషి. లోపలికి వెళ్ళడం తలపాగా లేకుండానూ, రావడం మర్యాద లేకుండానూ జరిగింది. ఇది ఎవరు చదివి చెప్పారయ్యా అని ఆయనా బుల్లబ్బాయిని రెండుసార్లు గద్దించి అడిగారు. ఎవరో లెండి, దారిన పోయేవాళ్ళు అని తల గోక్కున్నాడు. అయితే తెలివిలేనితనం నీదే అని ఇన్స్పెక్టరుగారు అంతమందిలోనూ అతన్ని నానామాటలూ అన్నారు. నలభై ఏళ్ళ పనివాడు చేతులు కట్టుకుని నిలబడి ఆ మాటలన్నీ పడ్డాడు. ఆ ఇన్స్పెక్టరుగారు మీ కాలేజీకి రాసిన కాగితమే మీ అత్యవసర సభకు మూలం.

ఇక నీ సంగతికి వస్తాను. ఆ మూలనున్న గిలుకుడూ దానిమీది దిద్దుబాటూ ఎవరివైనా సరే, తొమ్మిదో నిబంధన ప్రకారం పటం మీది ప్రతి గీతకూ పటం గీసినవాడే బాధ్యుడు, కాబట్టి లాజరుదే తప్పు అని రాశావు. ఎవరివైనా సరేనట! ఆ సిరా అక్షరాలు ఎవరివో నీకు తెలియదా? ఆ ‘మ్మ’కు వత్తు తగిలించడం నీకు ఇసకలో వేలు పట్టుకుని నేర్పింది నేను. ఇన్నేళ్ళైనా ఆ వత్తు పక్కింటికి పోయినట్టే ఉంటుంది. పోనీ అక్షరాలు వదిలెయ్. ఈ లోకంలో నన్ను మామ్మా అని పిలిచేవాడివి నువ్వొక్కడివే. రూతు పిల్లలకు అమ్మమ్మని. ఊరికి అమ్మగారిని. లాజరు నన్ను చూసింది ఒక్కసారి, అమ్మగారండి అనకుండా ఒక్క మాట ముగించలేదు.

పటం పంపేముందు, స్థలం ఎంత, పిల్లలు ఎంతమంది, కొలతలు సరిపోతాయో లేదో మామ్మను అడగాలి అని నువ్వు నీకోసం రాసుకున్నావు. అడగడం మరిచిపోయావు. చెరపడమూ మరిచిపోయావు. మరుపు మనిషికి సహజం, దానికి నేను ఇంత ఉత్తరం రాయను. సభలో లాజరు నోరు విప్పలేదనీ, అదే ఒప్పుకోలనీ రాశావే, దానికి రాస్తున్నాను. రోజూ నీ పక్కన కూర్చుని గీసేవాడికి నీ చేతివ్రాత తెలియదా? నువ్వు లేచి చెబుతావని చూశాడు. నువ్వు లేవలేదు. లేచావు, తీర్మానం రాయడానికి.

నా మనవడు ఇలాంటి పని చేస్తాడని ఎవరైనా వచ్చి చెప్పి ఉంటే చీపురు తిరగేసి ఉండేదాన్ని. చెప్పింది నువ్వే గనక చీపురు అక్కడిదాకా అందదు.

ఇప్పుడు నువ్వు చేయవలసింది ఇది. శనివారం దొరగారు కుర్చీలో కూర్చోగానే, ఎవరూ అడక్కముందే లేచి, ఆ సిరా రాత నాది అని చెప్పు. ఇంగ్లీషులో చెబితే వంద సందులుంటాయి తప్పించుకోవడానికి, తెలుగులో చెప్పు. తరవాత లాజరును సెలవుల్లో ఇక్కడికి పంపించు. మిగిలిన ఇటుకతో పక్కనే రెండో గది లేపితే తొలకరి లోపల రత్తమ్మా వాళ్ళూ ఒక కప్పు కిందికి వస్తారని బుల్లబ్బాయి అంటున్నాడు. ఈసారి ఆ బాబునే పక్కన నిలబెట్టండి అమ్మగారూ, కాగితం వద్దండి అన్నాడు. లాజరు సమాజం లోపల ఉంటేనే అది సమాజం పని అవుతుంది. బయట ఉంటే కూలిపని అవుతుంది. ఆ తేడా మీ నిబంధనల్లో ఉందో లేదో నాకు తెలియదు.

నువ్వు లేచి చెప్పకపోతే ఏం చేస్తానని నిన్ను బెదిరించను. సెలవులకు ఇంటికి వస్తావు కదా. నువ్వు ఆ గుమ్మంలోంచి వంగి లోపలికి వస్తే అక్కడ కూర్చున్న ఇరవైమందీ, బయట కూర్చున్న ఇరవై ఇద్దరూ నిన్ను చూస్తారు.

దేవుడు నీకు మంచి బుద్ధి, నాకు మంచి ఓపిక ప్రసాదించుగాక.

నిర్ఘాంతపోయి ఇంకా తేరుకోని
నీ మామ్మ,
సంపూర్ణమ్మ.

తాజా కలం: ఉత్తరం మడిచి, లక్క కరిగించి, మళ్ళీ విప్పాను. ఇందులో పైన రాసినదేదీ అబద్ధం కాదు. రాయనిది ఒకటి ఉంది.

ఆ పెన్సిలు గీత నాది.

బుల్లబ్బాయికి పటం చదివి చెప్పింది నేనే. ఇంకెవరు చెబుతారు, ఈ పాలెంలో కళ్ళజోడున్నది నాకొక్కదానికే. పొడవు ముప్పై అడుగులు, వెడల్పు పద్దెనిమిది అడుగులు అని వరసగా చదువుకుంటూ మూలకు వచ్చాను. కొలతలకు మామ్మను అడుగు. ‘ను’ ఎక్కువ పడింది, పట్నం చదువుకు వెళ్ళి వీడికి తెలుగు పోయింది అనుకున్నాను. ముప్పై ఏళ్ళు పిల్లల రాతలు దిద్దిన చెయ్యి కదా, దానంతట అదే పెన్సిలు తీసి ‘ను’ కొట్టేసింది. మామ్మ అడుగుతో కొలవమన్నాడు, యజమానికి చేసే మర్యాద మా ఏసురాజు నాకు చేశాడు అని బుల్లబ్బాయితో చెప్పి, అతను బద్ద పెట్టకముందే పాదం ముందుకు చాపాను. మీరు లెక్కలన్నీ నా పాదానికి సరిపడా వేసే ఉంటారనుకున్నాను. ఎందుకు కొలుస్తున్నావని నేను అడగలేదని పైన రాశాను చూడు, నిజమే, అడగవలసిన పనేముంది?

‘అడుగు’ అంటే అడగడమని నాకు తట్టనే లేదు. నన్ను ఒకరు ఏదైనా అడిగి చాలా కాలమైంది నాయనా. అలవాటు తప్పిపోయింది.

ఇన్స్పెక్టరుగారు గద్దించినప్పుడు బుల్లబ్బాయి నాకు నాలుగు అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. పన్నెండు అంగుళాల అడుగులే. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేనూ నోరు విప్పలేదు. నిన్ను అన్న మాటలన్నీ రాస్తున్నంతసేపూ నాకు నేను చదివి వినిపించుకుంటూనే ఉన్నాను. రేపు పొద్దున్నే బుల్లబ్బాయి ఇంటికి వెళ్ళి, పాలెం అంతటి ముందూ చెప్పివస్తాను. ఇన్స్పెక్టరుగారికి వేరే కాగితం రాశాను, ఈ పడవలోనే పోతుంది.

శనివారం సభలో నీ మాట నువ్వు చెప్పాక ఈ తాజా కలం కూడా చదువు, వెనక బల్లవాళ్ళకు వినిపించేలా చదువు. పటం మీది ప్రతి గీతకూ ఒకరు బాధ్యులు కావాలంటే, లాజరు పేరు కొట్టేసి ఆ గీతకు ఎదురుగా నా పేరు రాసుకోండి. సభ్యురాలు కానివారిని తొలగించడానికి నిబంధన లేదని మీ ఉపాధ్యక్షుడు లేస్తాడేమో. ముందు నన్ను చేర్చుకుని తరవాత తీసెయ్యండి.